నాయుడుపేట కబడ్డీలో వడమాలపేట అరుపులు

తిరుపతి గురించి నేను ఎన్నిసార్లు రాసినా కింద వచ్చే ప్రశ్న ఒకటే. దర్శనం అయిపోయాక మిగిలిన రోజు ఏం చెయ్యాలి? ఇన్నాళ్ళూ చంద్రగిరి కోట అనో, తలకోన అనో చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి కొత్త జవాబు దొరికింది. ఆ చుట్టుపక్కల జిల్లాల మధ్య కబడ్డీ పోటీలు జరుగుతుంటే వెళ్ళండి. ఆటతో పాటు, ఆట చూడటానికి వచ్చినవాళ్ళను కూడా చూడండి. కబడ్డీతో నాకున్న సంబంధం బడిలో మోకాళ్ళు చీరుకుపోవడంతోనే తెగిపోయింది. అలాంటిది ఒక ఆదివారం రాత్రి గొంతు బొంగురుపోయి, ముక్కూముఖం తెలియని ఒక పిల్ల కోసం కళ్ళు తుడుచుకుని మరీ హైదరాబాదు రైలెక్కాను.

స్నేహితురాలి కూతురి పెళ్ళికని తిరుచానూరు వెళ్ళాను. శనివారం పెళ్ళి అయిపోయింది. రైలు ఆదివారం రాత్రికి గానీ లేదు. నేను దిగిన లాడ్జి ముందు ధనమ్మ అనే ఆవిడ పూలమ్ముతుంది. రెండు రోజులుగా ఆవిడ దగ్గరే కనకాంబరాలు కొంటున్నాను కాబట్టి మా మధ్య కాస్త మాటలు కలిశాయి. రేపటికి కూడా రెండు మూరలు ఉంచమంటే తల అడ్డంగా ఊపింది. “రేపు నేను ఈడ ఉండను మ్మా. నాయుడుపేటకు పోతా ఉండా. మా అన్న కూతురు కబడ్డీ ఫైనల్ ఆడతాది, తిరుపతి జిల్లాకు. మా వాళ్ళంతా వడమాలపేట నుంచి బస్సు మాట్లాడుకోని వస్తా ఉండారు.” నేను ఆసక్తిగా రెండు ప్రశ్నలు అడిగానో లేదో, “నువ్వు గూడా రారాదా? ఈ రూములో కూసోని ఏం జేస్తావు?” అంది. నిజమే, ఏం చేస్తాను? టీవీలో నాలుగు ఛానళ్ళు, వాటిలో మూడు మసక.

పొద్దున ఏడింటికి ఇద్దరం ఆటోలో రేణిగుంట చేరాం. మీరు సొంతంగా వెళ్ళేటట్టయితే ఇంత హైరానా అక్కర్లేదు. తిరుపతి బస్టాండు నుంచి నాయుడుపేటకు ఆర్టీసీ బస్సులు తరచుగానే ఉంటాయి. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మీదుగా దాదాపు రెండు గంటల ప్రయాణం, టికెట్టు వంద రూపాయల పైచిలుకు. ఎడమవైపు కూర్చుంటే పొద్దుటి ఎండ తప్పుతుంది. వడమాలపేట పుత్తూరు రోడ్డులో ఉంది కాబట్టి వాళ్ళ మినీ బస్సు మమ్మల్ని రేణిగుంటలో ఎక్కించుకుంది. బస్సు ముందు కట్టిన బ్యానరు చూసి నవ్వాపుకోలేకపోయాను. అది పాత బ్యానరు. ‘చిత్తూరు జిల్లా’ అన్న చోట చిత్తూరు మీద తెల్ల కాగితం అంటించి, పైన స్కెచ్ పెన్నుతో ‘తిరుపతి’ అని రాశారు. జిల్లాలు విడిపోయినప్పుడు వడమాలపేట తిరుపతి వైపు వచ్చింది. బ్యానరు మార్చడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

బస్సులో నాకు సీటిచ్చి తను ఇంజను పక్కన కూర్చున్న మనిషే ధనమ్మ అన్న, మునిరత్నం. పుత్తూరు రోడ్డు మీద టైర్ల అంగడి ఉంది. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, ఆగకుండా సాగే నోరు. కూతురు సుకన్య డిగ్రీ రెండో సంవత్సరం. జట్టుతో పాటు రెండు రోజుల ముందే నాయుడుపేట వెళ్ళిపోయింది. అసలు సంగతి ఆయనే చెప్పాడు. “రాష్ట్రం క్యాంపుకు పిల్లోళ్ళను ఏరుకునే సార్లు ఈపొద్దు ఫైనల్ సూసేదానికి వస్తా ఉండారు మ్మా. జూనియర్లో ఆడేదానికి మా పాపకు ఇదే కడా సంవత్సరం. ఈపొద్దు బాగా ఆడి పేరొచ్చిందా, వచ్చినట్లు. లేదా, ఇంక ఆట అయిపోయినట్లే. వాళ్ళమ్మ ఇప్పుడే సంబంధాలు సూస్తా ఉండాది.” కూతురి ఆట గురించి చెప్పినంతసేపూ మామూలుగా ఉన్న గొంతు సంబంధాల దగ్గర కాస్త తగ్గింది.

కాళహస్తి దాటేసరికి బస్సంతా అరుపుల సాధన మొదలుపెట్టింది. అవన్నీ తమిళంలో. నేను బిక్కమొహం వేస్తే మునిరత్నం గర్వంగా విడమరిచాడు. వడమాలపేట వైపు వాళ్ళకు తమిళం బాగానే వస్తుంది, బంధుత్వాలు కూడా అటువైపు ఉంటాయి. ఆయన కుర్రతనం నుంచి ఊళ్ళో ఒక అలవాటు ఉంది. జట్టు బయటి ఊళ్ళకు వెళ్తే, గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఆటగాళ్ళకు సలహాలు తమిళంలో అరుస్తారు. వెనక మనిషి ఉంటే ‘పిన్నాడి’, కాలు పట్టుకోవాలంటే ‘కాలప్పుడి’, చాలు, ఇక వెనక్కి తిరగమంటే ‘తిరుంబు’. “కడపోళ్ళకు, కర్నూలోళ్ళకు అరవం యాడొస్తాది? మేము ఏం సెప్పేదీ వాళ్ళకు తెలీదు. మా పాప కూతకు పోతే ఆమెకు నా గొంతు ఒగటే వినిపిస్తాది. నిన్న సెమీస్‌లో గూడా అట్లే గెల్సినాము, వీడియో కాల్లో అరిసినా,” అన్నాడు. ఫోన్ పట్టుకుని నిలబడిన జట్టు మేనేజరు అవస్థ తలుచుకుని నవ్వుకున్నాను.

డ్రైవరు సుబ్రమణ్యం మాత్రం ఈ ఉత్సాహంలో కలవలేదు. ఆయనా వడమాలపేట మనిషే. “ముప్పై ఏండ్లు చిత్తూరు చిత్తూరు అని అరిసినా నేను. ఈపొద్దు ఎదురుగా ఆడేది చిత్తూరు. అది ఓడిపోవల్లని ఎట్ల అరిసేది చెప్పప్పా,” అని అద్దంలోంచి మునిరత్నాన్ని చూశాడు. “నోరు మూసుకోని బండి తోలప్పా,” అని మునిరత్నం కొట్టిపారేశాడు. డ్రైవరు గోడులో అందరికీ పనికొచ్చే మాట ఒకటి ఉందని ఆ క్షణాన నాతో సహా ఎవరికీ తట్టలేదు.

నాయుడుపేటలో తొమ్మిదిన్నరకు దిగాం. టిఫిను కోసం బస్టాండు ఎదుటి సందులో ఒక చిన్న హోటలుకు వెళ్ళాం. కారం దోశ తినకుండా ఈ ఊరు దాటకండి. ఎర్రకారం దట్టంగా పట్టించి, అంచులు కరకరలాడేదాకా కాల్చి ఇస్తారు. కారం ఎక్కువనుకుంటే పప్పులపొడి వేయమని అడగండి, నామోషీ ఏమీ లేదు. పెనం దగ్గరున్న పెద్దాయన మా గుంపును చూసి ఏ ఊరని అడిగాడు. తిరుపతి జట్టు తాలూకు అని చెబితే దోశ తిరగేస్తూ ఆలోచించాడు. “మాదీ ఇప్పుడు తిరుపతేనమ్మా. మొన్నటిదాకా నెల్లూరు. నెల్లూరు పిల్లలు ఎట్టాగూ ముందే ఓడిపోయి ఇంటికి పొయ్యారు. అందుకని చప్పట్లు మీకే కొడతాం లే,” అని ఒక్క క్షణం ఆగి, “బాగా ఆడితే,” అని కలిపాడు. చట్నీ మాత్రం ఏ జిల్లా అని చూడకుండా అందరికీ ధారాళంగా పోశాడు.

ఆట ఒక కాలేజీ మైదానంలో. పైన షామియానా, కింద పరిచిన మ్యాట్లు, ఒక పక్క సిమెంటు మెట్లు. ప్రవేశం ఉచితం. మెట్ల మీద ఎడమ సగం మాది, కుడి సగం చిత్తూరు వాళ్ళది. కింది వరసల్లో ఎటూ తేల్చుకోని నాయుడుపేట జనం. నేను సరిహద్దులో కూర్చోవాల్సి వచ్చింది. నా పక్కన చిత్తూరు వైపు, కుప్పం నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. వాళ్ళ అమ్మాయి చిత్తూరు జట్టులో మూల దగ్గర నిలబడి పట్టే పిల్ల. ఆవిడ నా చేతిలో గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు పోసి, శత్రువులం కాకముందే స్నేహం చేసేసింది.

సుకన్యను అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, జడ రెండు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేసుకుంది. మెట్ల వైపు చూసి వాళ్ళ నాయన్ని వెతుక్కుని, కనిపించాక తల తిప్పుకుంది. ఆట మొదలైంది. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకమ్మాయి కూత పెడుతూ అవతలి జట్టులోకి వెళ్ళి, ఎవరినైనా తాకి, నిర్ణీత సమయంలో మధ్యగీత దాటి వెనక్కి రావాలి. వస్తే పాయింటు ఆమెది. పట్టేసి ఆపితే పాయింటు వాళ్ళది.

మునిరత్నం మొదటి కూతకే లేచి నిలబడ్డాడు. ఆయన వెనక ముప్పైమంది, వాళ్ళతో గొంతు కలిపి నేనూ. “పిన్నాడి! పిన్నాడి!” అని మెట్లు అదిరిపోయేలా అరిచాం. విచిత్రం ఏమిటంటే, సుకన్య వెనక్కి చూసేలోపే వెనకున్న చిత్తూరు పిల్ల పక్కకు తప్పుకుంది. చిత్తూరు అమ్మాయి మా వైపు కూతకు వచ్చినప్పుడు “కాలప్పుడి!” అన్నారు, ఆ పిల్ల కాలు వెనక్కి లాగేసుకుని, మావాళ్ళ భుజం తాకి పోయింది. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ‘తిరుంబు’. సుకన్య ఎంత లోపలికి వెళ్ళినా, మునిరత్నం గొంతు నుంచి ఆ మాట పడగానే చప్పున తిరిగేది. తిరిగే వేళకు మాత్రం ఇద్దరు పిల్లలు మధ్యగీత దగ్గర అడ్డంగా సిద్ధంగా ఉండేవాళ్ళు. రెండుసార్లు అలాగే దొరికిపోయింది. సగం ఆట ముగిసేసరికి మావాళ్ళు ఏడు పాయింట్లు వెనకబడ్డారు. నాయుడుపేట జనం చప్పట్లు జేబులో పెట్టుకున్నారు.

విరామంలో మునిరత్నం నీళ్ళు తాగుతూ, మ్యాటు జారుతోందని, రెఫరీకి కళ్ళు లేవని తిడుతున్నాడు. అప్పటిదాకా శెనక్కాయలు ఒలుస్తూ ముసిముసిగా నవ్వుతున్న కుప్పం ఆవిడ ఇక ఆగలేకపోయింది. “అన్నా, ఒగ మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. మా పిల్లోళ్ళు కుప్పం, పలమనేరు, నగరి. సగం మంది ఇండ్లల్లో మాట్లాడేదే అరవం. పొద్దున్నించి నువ్వు ఎవురికి కోచింగ్ ఇస్తా ఉండావు?”

మెట్ల మీదున్న ముప్పైమందీ కలిసి మునిరత్నం మీద పడ్డారు. “నీ అరవం వద్దని నేను పొద్దున్నే అనుకుంటి” అని ఒకరు, “అనుకుంటే సెప్పొచ్చు గదా” అని ఇంకొకరు. అప్పుడే సుబ్రమణ్యం, “నేను బండిలోనే సెప్తిని గదా, ఎదురుగా ఆడేది చిత్తూరని!” అని అవకాశం దొరికించుకున్నాడు. నాకు నవ్వు పొంగుకొచ్చింది గానీ మునిరత్నం మొహం చూసి మింగేశాను. నిలబడ్డవాడు మెల్లగా కూర్చున్నాడు. “నా బిడ్డ పాయింట్లన్నీ నేనే ఇచ్చేసినాను గదమే ధనమ్మా,” అన్నాడు చెల్లెలితో. ధనమ్మ ఆయన వీపు నిమిరింది.

రెండో సగానికి ముందు ఆయన వెనక్కి తిరిగి అందరికీ ఒకటే మాట చెప్పాడు. “ఇంక ఎవురూ నోరు తెరవద్దండి. నేను గూడా తెరవను.” తువ్వాలు అంచు నోట్లో కుక్కుకున్నాడు. తెలుగులో అరవొచ్చు కదా అని నేను మెల్లగా అంటే ధనమ్మ, “తెలుగు ఆ పిల్లోళ్ళకు రాదా మ్మా?” అంది. నేను మళ్ళీ శెనక్కాయల్లోకి తలదూర్చాను.

ముప్పైమంది వడమాలపేట వాళ్ళు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చూస్తేగానీ తెలియదు. ఒకాయన తన తొడ తనే గిల్లుకున్నాడు. ధనమ్మ కొంగు మెలిపెట్టి మెలిపెట్టి తాడులా చేసింది. పని మాత్రం జరిగింది. సలహాలు ఆగిపోయేసరికి చిత్తూరు పిల్లలు తడబడ్డారు. సుకన్య మధ్యగీతకు దగ్గరున్నవాళ్ళనే తాకి వచ్చేస్తూ వరసగా నాలుగు పాయింట్లు తెచ్చింది. మావాళ్ళు ఇద్దరిని పట్టారు. మేము అరవకపోయినా నాయుడుపేట జనం లేచారు. దోశల పెద్దాయన ఎప్పుడొచ్చాడో, కింద వరసలో ఈలలు వేస్తున్నాడు. ఏడు కాస్తా ఒకటయింది. ఆఖరి కూత. సుకన్య వెళ్ళింది.

ఆ పిల్ల లోపలికంటా వెళ్ళి, కుడి మూలనున్న కుప్పం ఆవిడ కూతురి భుజం తాకింది. నేను స్పష్టంగా చూశాను. అప్పుడు వెనక్కి వచ్చేస్తే సమానం, ఆట ఇంకా ఉన్నట్టు. కానీ ఆమె తిరగలేదు. అక్కడే అరక్షణం నిలబడి మెట్ల వైపు చూసింది. మునిరత్నం రెండు చేతులతో తువ్వాలును నోటికి అదిమి పట్టుకుని ఉన్నాడు. సుకన్య తిరిగేసరికి ఒకమ్మాయి చీలమండ దొరకబుచ్చుకుంది. మిగతావాళ్ళు మీద పడ్డారు. చాచిన ఆమె చెయ్యి మధ్యగీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. చిత్తూరు గెలిచింది. కుప్పం ఆవిడ ఎగిరి గంతేసి, ఆ తర్వాత నా మొహం చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

మునిరత్నం అక్కడ ఉండలేకపోయాడు. బహుమతులు ఇవ్వకముందే లేచి బస్సు దగ్గరికి నడిచాడు. అందుకే మైకులో క్యాంపుకు ఎంపికైన పేర్లు చదువుతున్నప్పుడు ఆయన లేడు. చిత్తూరు పిల్లల పేర్లే ఎక్కువ వినిపించాయి. మాకు ఆశ దాదాపు చచ్చిపోయాక, అన్నిటికంటే చివర, ‘సుకన్య, తిరుపతి జిల్లా’ అన్నారు. ధనమ్మ చెప్పులు మెట్ల మీదే వదిలేసి పరిగెత్తింది. నేను ఆ చెప్పులు పట్టుకుని వెనకాల వెళ్ళాను. మేము చేరేసరికి మునిరత్నం బస్సు వెనక టైరు పక్కన కూలబడి ఉన్నాడు. “వచ్చిందన్నా, పేరొచ్చింది!” అని చెల్లెలు అరుస్తుంటే నమ్మకం లేక నా వైపు చూశాడు. నేను తలూపాక తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో సుకన్య మా బస్సులోనే ఎక్కింది. ధనమ్మ తెచ్చిన చిత్రాన్నం, పెరుగన్నం అందరం పంచుకున్నాం. ఇంతలో పంచాయితీ మొదలైంది. రెఫరీదే తప్పని కొందరు, మ్యాటుదని కొందరు. సుబ్రమణ్యం గేరు మారుస్తూ, “పోనీలేండి, గెల్సింది గూడా మన చిత్తూరే గదా,” అన్నాడు. అతన్ని కాళహస్తిలో దించేసి బండి తామే తోలుకుంటామని వెనక సీట్లు బెదిరించాయి. ఆ గోల కాస్త సద్దుమణిగాక ధనమ్మ అడిగేసింది. “కడాకు ఎందుకే మెట్ల పక్క సూసినావు? వచ్చేసుంటే సరిపోతా ఉండె గదా.”

“నాయన అరస్తాడని సూసినా అత్తా,” అంది సుకన్య మామూలుగా, అన్నం కలుపుకుంటూ. “చిన్నప్పట్నుంచి ఆయన తిరుంబు అంటేనే నేను తిరిగేది. టైము నేనెప్పుడూ లెక్క పెట్టింది లేదు.”

ఇంజను పక్కన మునిరత్నం చేతిలో ముద్ద ఆగిపోయింది. “నేను గమ్మునుంటే నీకు మంచిదనుకుంటి నాయనా,” అన్నాడు కూతురితో. ఆ వైపు పిల్లల్ని కూడా ముద్దుగా నాయనా అనే అంటారు.

“మంచిదే అయింది. అన్ని పాయింట్లు యాడ నుంచి వచ్చినాయి మరి?” అంది ఆ పిల్ల. “క్యాంపులో నువ్వుండవు గదా. ఆడ ఎవురు సెప్తారు నాకు తిరుంబు అని?” మునిరత్నం ఆ ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. రేణిగుంటలో నేను దిగుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఫైనల్ రోజున మైదానానికి పదిన్నరకల్లా చేరి, రెండు జట్ల మద్దతుదారుల మధ్య సరిహద్దులో చోటు పట్టుకోండి. ఆట అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది, రెండు వైపుల శెనక్కాయలూ దొరుకుతాయి. ఓడిన జట్టు వాళ్ళను ఇంత దగ్గరగా చూడటం నాకు ఇదే మొదటిసారి. మర్నాడు పేపర్లో తిరుపతి ఓడిందని రెండు లైన్లు వచ్చి ఉంటాయి. ఆ రెండు లైన్ల వెనక ఒక మనిషి కూతురి కోసం ముందు అరిచి, తర్వాత అరవకుండా ఉండి, రెండు విధాలా నష్టపోయాడని ఎవరు రాస్తారు? అందుకే నేను రాస్తున్నాను. ప్రేమ ఎక్కువైన చోట ఏది సాయమో తేల్చుకోవడం ఎంత కష్టమో నాకూ ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి కొంచెం తెలుసు.

కొన్నాళ్ళ తర్వాత ధనమ్మకు ఫోన్ చేశాను. సుకన్య క్యాంపుకు ఇంకా వారముందట. మీ అన్న ఎలా ఉన్నాడని అడిగితే పకపకా నవ్వింది. “ఆ పాపే పట్టుకోని పోతా ఉండాది మ్మా. దినామూ సాయంత్రం అంగడి మూసేసి వాళ్ళ నాయన గ్రౌండుకు రావల్లంట. వచ్చి గమ్మున నిలబడల్లంట. ఈమె కూతకు పోయినప్పుడు ఆయన నోరు తెరిస్తే మళ్ళా మొదటి నుంచంట.”

“మరి తనంతట తను తిరుగుతోందా?” అన్నాను.

“పాప తిరగతా ఉండాది. మా అన్నే ఇంగా తువ్వాలు నోట్లో పెట్టుకోని నిలబడతా ఉండాడు.”